సముద్ర వేట: నూట పద్దెనిమిది మంది

నమోదు 1. జనవరి 6

లెక్కలు రాసుకునే ఈ తెర పలకలో ప్రతి ఊరి పేజీ చివర "స్వంత వ్యాఖ్య" అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాసినా ఎవరూ చదవరని, పంపకం యంత్రం ఆ గడిని దాటుకుని వెళ్లిపోతుందని మా పర్యవేక్షకుడు భాస్కరం గారు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. ఆరేళ్లుగా అక్కడ "ఏమీ లేదు" అని రాస్తూ వచ్చాను. ఇవాళ్టి నుంచి మనసులో మాట రాసుకుందామని ఉంది. చదవని వాళ్లకి చెప్పుకోవడంలో ఒక సుఖముంది. మా అత్తగారి ఫోటోతో కూడా నేను అందుకే మాట్లాడతాను.

నా పని ఉపాధి నమోదు. మూడు నెలలకోసారి నా వంతు పదకొండు ఊళ్లు తిరిగి, ఇంటింటికీ వెళ్లి "ఏం పని చేస్తున్నారు?" అని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకుని వేలిముద్ర వేయించుకోవాలి. కరెంటు, మంచినీళ్లు, తీరం మీద చోటు, శిక్షణ సీట్లు ఏ రంగానికి ఎన్ని ఇవ్వాలో పంపకం ఆ లెక్క చూసే తేలుస్తుంది.

ఈ విడత కూడా అన్నీ తరుగుదలే. ఇటుక బట్టీల్లో ఎవరూ లేరు. జీడి షెడ్లలో ఒకప్పుడు ఆరువందల నలభై మంది ఉండేవాళ్లు, ఇప్పుడు తొమ్మిది మంది యంత్రాలకి నూనె వేస్తున్నారు. కొబ్బరి పీచు పని చేసేవాళ్లు ఇరవై ఇద్దరు మిగిలారు, వాళ్లలో సగం మంది వేలిముద్ర వెయ్యడానికే లేవలేకపోయారు. ఒక్క సముద్ర వేట మాత్రం చెక్కుచెదరలేదు. పోయినేడు నూట పద్దెనిమిది మంది, అంతకుముందు ఏడూ నూట పద్దెనిమిదే. ఆ నూట పద్దెనిమిది మందీ బొర్రపేటలోనే ఉన్నారు. ఇది మూడో బొర్రపేట, సముద్రం ముందుకొచ్చిన కొద్దీ ఊరు రెండుసార్లు వెనక్కి జరిగింది.

బొర్రపేటలో పడవ నీళ్లలో దిగి నాలుగేళ్లయింది. మనుషులు లేని పడవలు వచ్చి లోపలి చేపనంతా పట్టుకుపోతున్నాయి, ఒడ్డు దగ్గర నీళ్లు వేడెక్కి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నూట పద్దెనిమిది అని రాశాను.

దానయ్య ఇంటి దగ్గర ఏం జరిగిందో రాస్తే తక్కిన ఇళ్లన్నీ రాసినట్టే. దానయ్యకి యాభై ఏడేళ్లు. ఒకప్పుడు ఇక్కడి పెద్ద బోటుకి సరంగు, చుక్కాని అతని చేతిలోనే ఉండేది. ఇప్పుడు అతని తెప్ప ఇంటి పక్కన బోర్లా పడి ఉంది, దాని కింద కోడి పొదిగింది. అతను వాకిట్లో కూర్చుని చిరగని వల బాగుచేస్తున్నాడు.

"ఏం పని చేస్తున్నావు దానయ్యన్నా?"

"అదేటి లెక్కలమ్మా, కొత్తగా అడుగుతున్నావు? యేటకెల్తాను."

"ఈ మూడు నెలల్లో ఎన్ని రోజులు వెళ్లారు?" అని పలకలో రెండో ప్రశ్న ఉంది. నేను దాన్ని అడగను. ఈ తీరంలో మగవాణ్ణి పనేమిటని అడిగితే తను ఎవరో చెబుతాడు కానీ ఈ వారం ఏం చేశాడో చెప్పడు. మొహం మీద కాదనడం ఇక్కడి మర్యాద కాదు. వేట అని రాశాను. అతను బొటనవేలు పంచెకి తుడుచుకుని మరీ ముద్ర వేశాడు.

అతని భార్య పోలమ్మ గుమ్మంలో కూర్చుని తాడుకి ఏవో ముడులు వేస్తోంది.

"నీదేం పని వదినా?"

"నానా? నానేటి సేత్తానమ్మా. కూకున్నాను."

కూర్చుందని చెప్పిన మనిషి చేతులు ఒక్క క్షణం ఆగలేదు. చెప్పింది చెప్పినట్టు "పని లేదు, ఇంటి పట్టున" అని రాశాను. ఆ ఊళ్లో నలభై ఏడుగురు ఆడవాళ్లు నాకు ఆ మాటే చెప్పారు.

నమోదు 2. జనవరి 29

సెలవు రోజు. ఆ ముడులేమిటో చూద్దామని బొర్రపేట ఉప్పుటేటికి వెళ్లాను.

నలభై ఏడుగురూ నడుం లోతు నీళ్లలో ఉన్నారు. సముద్రపు పాచి మొలకల్ని వేలెడంత ముక్కలుగా తుంచి, తాళ్లకి ముడివేసి, వెదురు చట్రాలకి కట్టి ఏట్లో వదులుతున్నారు. నలభై అయిదు రోజులకి అది గుబురుగా పెరుగుతుంది. దాన్ని కోసి ఆరబెడితే, దానితో సంచులకి పలచటి పొరలు తయారుచేసే ఫ్యాక్టరీ లారీ వచ్చి పట్టుకెళ్తుంది. ముడులు వెయ్యడానికి ఫ్యాక్టరీ వాళ్లు ఒకసారి యంత్రం తెచ్చారట. అది మొలకలన్నీ నలిపి పెట్టింది. ముడి గట్టిగా ఉండాలి, మొలక మెడ మాత్రం నొక్కుకోకూడదు. అది వల ముడి. ఈ ఆడవాళ్లందరికీ తండ్రులో మొగుళ్లో నేర్పిందే.

నేనూ ప్రయత్నించాను. పది ముడులు వేస్తే తొమ్మిది ఊడిపోయాయి, పదోది మొలకని చంపేసింది.

"లెక్కలమ్మా, నువ్వు పలక మీద గీకడానికే పుట్టినావు, ఒగ్గీ" అని పోలమ్మ నా చేతిలోంచి తాడు లాక్కుంది. అందరూ నవ్వారు.

ఊళ్లో ప్రతి పొయ్యీ ఈ పాచి మీదే మండుతోంది. "ఇది పని కాదా వదినా? రాసెయ్యనా?" అని అడిగాను.

పోలమ్మ నవ్వు ఆగిపోయింది. "వద్దమ్మా. నాను పనంటే, సంపాదిత్తన్న మనిసని గుమ్మం మీది పలకలో ఇంటి పెద్దగా నా పేరొచ్చెస్తాది కదా. మా పిల్లల బాబు ఆ గుమ్మంలోంచి ఎలాగ బైటికొస్తాడు? ఆడు సరంగు. నాను కూకున్నానంటే నాకేటి పోయింది?"

నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆ గౌరవంలో కొట్టుకుపోయి, నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. ఈ ఉద్యోగానికి ముందు పద్నాలుగేళ్లు జీడి షెడ్డులో పప్పు గుళ్లు ఏరి రకాలు విడదీసే పని చేశాను. షెడ్డు మూసేశాక మా ఇంటికి లెక్క రాయడానికి వచ్చినావిడ పనేమిటని అడిగితే "గుళ్లు ఏరతాను" అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వి, "ఇంకానా!" అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ పలక నా చేతికి వచ్చిన రోజున, ఎవరి మాటకీ నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నమోదు 3. మార్చి 18

జిల్లా ఫలితాలు వచ్చాయి. భాస్కరం గారు నన్ను పిలిచి స్వీట్ పెట్టారు. జిల్లా మొత్తం మీద నాలుగేళ్లుగా ఒక్క మనిషి కూడా తగ్గని రంగం సముద్ర వేట ఒక్కటేనట. "నీ ఊరే అమ్మాయ్! పంపకం కూడా మెచ్చుకుంది" అన్నారు. ఆయన ఎవరినైనా అమ్మాయ్ అనే అంటారు, నాకు యాభై ఒకటి నిండాయి.

సగం స్వీట్ నోట్లో ఉండగా ఉత్తర్వు చదివాను. నిలదొక్కుకున్న వేట రంగాన్ని ప్రోత్సహించడానికి బొర్రపేటకి జెట్టీ మంజూరైంది. స్థలం: ఉప్పుటేరు. కారణం: "ఆ ఏటిపై ఆధారపడి పనిచేసేవారు ఎవరూ లేరు." ఏప్రిల్ 12న డ్రెడ్జర్ వచ్చి ఏటిని ఇరవై అడుగుల లోతు తవ్వుతుంది.

ఎవరూ లేరు అన్నది నా రాతే. నీళ్లలో దిగని పడవల కోసం నలభై ఏడుగురు నిలబడి పనిచేసే ఏటిని తవ్వబోతున్నారు. ఇరవై అడుగుల లోతులో చట్రం నిలవదు, మనిషీ నిలవదు.

నోట్లో ఉన్న స్వీట్‌ని పక్కకి వెళ్లి ఊసేశాను.

నమోదు 4. ఏప్రిల్ 2

రెండు వారాలుగా భాస్కరం గారి చుట్టూ తిరుగుతున్నాను. ఇవాళ ఆయన నిబంధనల పుస్తకం తెరిచి చూపించారు.

"యంత్రాన్ని నేను ఆపలేనమ్మాయ్. తిరుగు నమోదు అని ఒకటుంది. ఎవరి మాట వాళ్లే మార్చుకోవాలి. ఏటి మీద పని చేస్తున్నామని ఆడవాళ్లలో సగం మంది వేలిముద్ర వెయ్యాలి. వేటకి వెళ్లడం లేదని మగవాళ్లలో సగానికి పైన, అంటే అరవై మంది వెయ్యాలి. పదకొండో తేదీ సాయంత్రం లోపు."

"వేస్తే ఏమవుతుంది?"

"జెట్టీ ఆగుతుంది. కానీ వేట వదిలేశామన్న వాళ్లలో అరవై ఏళ్లు దాటని వాళ్లని పంపకం ఊరికే కూర్చోబెట్టదు. పశ్చిమాన మెట్ట జిల్లాల్లో సౌర పలకలు తుడవడానికి మనుషులు కావాలి. అక్కడికి వేస్తుంది."

"ఇక్కడే పాచి పనిలో వెయ్యొచ్చు కదండీ?"

ఆయన కళ్లద్దాలు తీశారు. "నాలుగేళ్ల కిందట పాచి పెంపకంలో నూటయాభై శిక్షణ సీట్లు వచ్చాయి. వేట తగ్గిన తీరానికి ఇమ్మన్నారు. మన లెక్కలో తగ్గలేదు. పక్క జిల్లాలో వేటగాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు, సీట్లు అక్కడికి వెళ్లాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో తెలీదు. నువ్వు ఆ రెండో ప్రశ్న అడగలేదా?"

అడగలేదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 5. ఏప్రిల్ 4

బొర్రపేటలో పండగలా ఉంది. జెట్టీ వస్తోందని మగవాళ్లంతా తెప్పలు వెల్లకిలా తిప్పి గీకుతున్నారు. దానయ్య కోడిపిల్లల్ని గంప కిందకి మార్చి తెప్పకి నీలం రంగు వేస్తున్నాడు. ఇంత హుషారుగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

"రా లెక్కలమ్మా! నీ చలవే కదేటి. ఇదిగో, తెప్ప ముక్కు మీద నీ పేరు కూడా రాయించేద్దునా?"

ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఏటి సంగతి చెప్పాను, ఆడవాళ్ల సంగతి చెప్పాను. వేలిముద్ర వేస్తే అతన్ని సముద్రం కనిపించని చోటికి పంపుతారని కూడా చెప్పాను. ఈసారి ఏదీ దాచకూడదనుకున్నాను. అతను కుంచె పక్కన పెట్టి విన్నాడు.

"అంటే నాను యేటగాణ్ని కాదని నా నోటితోనే సెప్పమంటావు."

"అవును దానయ్యన్నా."

"సేప నేదని నాకు తెల్దేటి? మొదటేడు నువ్వడిగినప్పుడు సిగ్గుతోనే సెప్పినానమ్మా, యేట అని. ఈ లెక్కలమ్మ నవ్వుతాదనుకున్నాను. నువ్వు నవ్వనేదు. బుద్ధిగా రాసుకున్నావు. రెండో యేడూ రాసినావు. సర్కారు మనిషి రాస్తంటే మరి నిజమేనేమో అనుకున్నాను. నాలుగేళ్లకి నమ్మీసినానమ్మా." అతను రంగు డబ్బా మూత పెట్టాడు. "ఆ పొద్దే నవ్వీసుంటే బాగున్ను."

అతను ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నమోదు 6. ఏప్రిల్ 7

ఏటి గట్టు మీద ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను. ముందు ఎవరూ నమ్మలేదు. ఉత్తర్వు చదివి వినిపించాక ఒకావిడ నా పలక లాక్కుని ఏట్లో పారెయ్యబోయింది. పారేసినా నేను అడ్డం చెప్పేదాన్ని కాదు.

"మేం సెప్పిందే రాసినాది, దాన్నంటే ఏటొస్తాది" అని పోలమ్మ ఆమెని ఆపింది. నావైపు తిరిగి, "గాని నువ్వు కళ్లతో సూసినావు కదమ్మా" అంది. ఆ రెండో మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

నలభై ఏడుగురూ వరసగా వచ్చారు. ప్రతి ఒక్కరినీ అడిగాను. "పాచి కడతాను" అని చెబుతూ కొంతమంది మొదటిసారి అబద్ధం ఆడుతున్న వాళ్లలా తడబడ్డారు. పోలమ్మ అందరికంటే చివర వచ్చింది. వేలు పెట్టబోతూ ఆగి, "ఆడు ఎలిపోతాడా?" అని అడిగింది.

"దానయ్యన్న ముద్ర వేస్తే వెళ్లాలి వదినా. వెయ్యకపోతే, మిగతావాళ్లు కూడా వెయ్యరు. ఊరంతా అతన్నే చూస్తోంది."

"నానేటి సెప్పను ఆడికి. నాను నాది ఏస్తాను" అంది. వేసింది. తర్వాత నీళ్లలోకి దిగిపోయింది.

నమోదు 7. ఏప్రిల్ 11

పొద్దున్నే వచ్చి పంచాయతీ అరుగు మీద కూర్చున్నాను. పదింటికి మగవాళ్లలో పదిహేను మంది వేశారు, అంతా డెబ్భై దాటిన ముసలివాళ్లు, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్లు. మధ్యాహ్నానికి ఇంకో ఏడుగురు ముసలివాళ్లతో ఇరవై రెండయింది. అక్కడ ఆగిపోయింది.

మూడున్నరకి దానయ్య వచ్చాడు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. వెనక నలభై మంది దాకా ఉన్నారు. అరుగు మీదకి ఎక్కకుండా కిందే నిలబడ్డాడు.

"అడుగమ్మా" అన్నాడు.

"ఏం పని చేస్తున్నావు దానయ్యన్నా?"

"రెండోది కూడా అడుగు. నీ పలకలో రెండోది ఉందంట కదా."

"ఈ మూడు నెలల్లో వేటకి ఎన్ని రోజులు వెళ్లావు?"

"ఎల్లనేదు. నాలుగేళ్లనుంచి ఎల్లనేదు." అందరికీ వినపడేలా చెప్పాడు. "మా ఆడమనిషి ఏట్లో నిలబడి కూడెడతంది. నాను తింటన్నాను. రాసీ."

నలభై ఒక్కమంది వేశారు. మొత్తం అరవై మూడు. సాయంత్రం అయిదింటికి జెట్టీ రద్దయినట్టు పలక మీద వచ్చింది. ఏటి గట్టు మీదనుంచి ఆడవాళ్ల కేకలు వినిపించాయి. అరుగు దగ్గర మాత్రం ఎవరూ కేక వెయ్యలేదు, ఒక్కొక్కరే ఇళ్లకి వెళ్లిపోయారు.

నమోదు 8. మే 20

సగానికి పైన కాదన్నాక రంగం నిలవదట, జిల్లా పట్టికలోంచి సముద్ర వేట అనే వరస మొత్తం తీసేశారు. దాని చోట "పాచి పెంపకం: 47" అని వచ్చింది. భాస్కరం గారు ఫోన్ చేసి, ఈ విడత కొత్త రంగం నమోదైన జిల్లా మనదేనని, ఈసారి కూడా మెచ్చుకున్నారని చెప్పారు. స్వీట్ సంగతి ఎత్తలేదు.

దానయ్యతో కలిపి ఆ నలభై ఒక్కమందీ అరవై లోపు వాళ్లే. అందరికీ ఉత్తర్వులు వచ్చాయి. ఇవాళ ఉదయం ఏడింటికి బస్సు వచ్చింది. బయలుదేరే ముందు కొత్త పని నమోదు చెయ్యాలి, అదీ వాళ్ల నోటితో చెప్పించే. ఒక్కొక్కరినీ అడిగాను. ఇంకా ఒక్క పలకైనా తుడవని మనుషులు "సౌర పలకలు తుడుస్తాను" అని చెప్పి ముద్రలు వేసి ఎక్కారు. దానయ్య నా దగ్గరికి వచ్చినప్పుడు క్షమించమని అడుగుదామనుకున్నాను. వెనక లైను ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అతను ముద్ర వేసి, "ఆ ఊళ్లో నీలాగే ఎవరైనా అడగడానికొస్తారేటమ్మా?" అన్నాడు. వస్తారన్నాను. "ఆళ్లు నవ్వితే నవ్వనీ" అని ఎక్కేశాడు.

ఆడవాళ్లు బస్సు దగ్గరికి రాలేదు. ఇవాళ పోటు ఎనిమిదింటికి. ఆ లోపు చట్రాలు కట్టకపోతే నెలన్నర పంట పోతుంది. ఆ ఏటి కోసమే మగవాళ్లు ముద్రలు వేశారు కాబట్టి ఏటిని వదిలి రావడానికి వాళ్లకి మనసొప్పలేదు. పోలమ్మ తెల్లారగట్లే అన్నం వండి మూట కట్టి ఇచ్చి నీళ్లలోకి వెళ్లిపోయిందట.

నేను నా బండి మీద బస్సు వెనకే వంతెన దాకా వెళ్లాను. బస్సు వంతెన ఎక్కగానే మగవాళ్లు ఏటి వైపు కిటికీల మీద ఎగబడ్డారు. కింద నలభై ఏడుగురూ తలలెత్తారు. పోలమ్మ తడి చెయ్యి పైకెత్తి, కిటికీలన్నిటినీ ఒక చివర నుంచి ఇంకో చివరికి వెతుకుతూ ఊపింది. బస్సు దాటిపోయాక కూడా కాసేపు ఆ చెయ్యి దించలేదు.

నాలుగేళ్ల కిందట ఒక్కసారి రెండో ప్రశ్న అడిగి ఉంటే దానయ్య ఇవాళ ఆ నీళ్లలో, ఆమె పక్కనే ఉండేవాడు. చేతికి వల ముడి తెలిసిన మనిషి. వాళ్ల గౌరవం కాపాడుతున్నాననుకుని వాళ్ల ఊరిని రెండుగా పంచేశాను. ఈ తప్పుకి పట్టికలో వరస లేదు, నేనే మోసుకోవాలి.

బండి ఆపి గట్టు దిగాను. పోలమ్మ ముడులు వేస్తూనే, తల ఎత్తకుండా అడిగింది.

"ఆడు కిటికీ కాడే ఉన్నాడా అమ్మా? నన్ను సూసినాడా?"

"చూశాడు వదినా. చెయ్యి కూడా ఊపాడు. నువ్వు గుర్తుపట్టలేదా?"

"అంత మందిలో ఎలాగ తెలుస్తాదమ్మా" అని ఆమె నవ్వింది. ముంజేత్తో మొహం తుడుచుకుని ఇంకో తాడు అందుకుంది.

ఎవరూ చదవని గడి కాబట్టి నిజం ఇక్కడ రాస్తున్నాను. దానయ్య ఏటికి అవతలి పక్క, వెనక అద్దం దగ్గరి సీట్లో కూర్చున్నాడు. బస్సు వంతెన దాటేంత సేపూ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు.